కస్టర్డ్ క్రీములు: వెన్నకి చలి కావాలి, పిల్లలకి తొందర

మా మనవడికి ఐదేళ్ళు. వాడి అరచేతులు ఎప్పుడూ వేడిగానే ఉంటాయి. జ్వరమేమోనని మొదట్లో రోజూ నుదురు పట్టి చూసేదాన్ని. "పిల్లల చేతులంతేనమ్మా" అని మా అమ్మాయి కసిరాక మానేశాను. బిస్కెట్లు ఎలా చేయాలో చెప్పడానికి కూర్చుని చేతుల గురించి మొదలుపెట్టానేమిటా అనుకోకండి. మా మొదటి వాయి కస్టర్డ్ క్రీములు, అంటే రెండు బిస్కెట్ల మధ్య కస్టర్డ్ రుచి క్రీము పెట్టినవి, పాడైంది ఆ చేతుల వల్లే.

అది జూలై నెల. ఇంగ్లండులో ఇళ్ళు చలిని తట్టుకోవడానికి కట్టినవి, నాలుగు రోజులు ఎండ కాసిందంటే వంటిల్లు కొలిమైపోతుంది. వాడు పిండిముద్దని ఇరవై నిమిషాలు బంకమట్టిలా నలిపాడు. "ఇక నా వంతు" అని తొమ్మిదేళ్ళ మనవరాలు ఇంకో పది నిమిషాలు నలిపింది. ముద్ద నిగనిగా మెరవడం మొదలెట్టింది. వెన్న కరిగి బయటికి వస్తోందని ముప్ఫయ్యేళ్ళు కెమిస్ట్రీ పాఠం చెప్పినదాన్ని, నాకు తట్టొద్దూ? తట్టలేదు. ఓవెన్‌లో పెట్టాక బిస్కెట్లన్నీ ఒకదానిలోకి ఒకటి పాకి, ట్రే అంతా ఒకటే రేకైంది. చల్లారాక అట్లకాడతో పొడిచి విరగ్గొట్టాం. "ఇది అప్పడమా అమ్మమ్మా?" అంది మనవరాలు.

అప్పటి నుంచి ఏడెనిమిది సార్లు చేశాం. ఇప్పుడు మా పద్ధతి కుదిరింది. వెన్న ఉన్న పిండికి చల్లదనం కావాలి, ఓపిక కావాలి. పిల్లల దగ్గర ఆ రెండూ ఉండవు. కాబట్టి పని మొత్తాన్ని వాళ్ళు పిండిని ముట్టుకోకుండానే పిండి పని చేసేలా మార్చుకోవాలి, ఒక్కరోజులో తేల్చేయాలనే పట్టుదల వదులుకోవాలి. సాయంత్రం పిండి, మర్నాడు పొద్దున్న కోసి కాల్చడం, మధ్యాహ్నం లోపల క్రీము పెట్టడం. ఒక్కో విడత ముప్పావుగంటకి మించదు. అంతకన్నా ఎక్కువైతే మావాడు బల్ల కిందకి దూరి కుక్కపిల్లయిపోతాడు.

"దుకాణంలో ప్యాకెట్ పౌండు లోపే వస్తుంటే ఇంత శ్రమెందుకు అత్తయ్యా?" అని మా అల్లుడు మర్యాదగా అడిగాడు. అకౌంటెంటు కదా, ఆయన లెక్క ఆయనది. ఆయనే తర్వాత ఆరు తిన్నాడు, నేను లెక్కపెట్టాను.

వీళ్ళుండేది రెడింగ్‌లో. ఆరు నెలల వీసా మీద వచ్చి పోతుంటాను. ఈ ఊరికి బిస్కెట్ల ఊరనే పేరుండేదని వచ్చేదాకా నాకు తెలియదు. 1822లో జోసెఫ్ హంట్లీ అనే ఆయన ఇక్కడ చిన్న బిస్కెట్ల కొట్టు పెట్టాడు. 1841లో జార్జ్ పామర్ వచ్చి భాగస్వామిగా చేరాడు. అదే హంట్లీ అండ్ పామర్స్. 1976 దాకా ఇక్కడ బిస్కెట్లు తయారయ్యాయి. రెడింగ్ మ్యూజియంలో వాళ్ళ రేకు డబ్బాలు పెట్టారు, పుస్తకాల దొంతరలా ఉండేవి, బండి ఆకారంలో ఉండేవి. మనవడు ఆ అద్దానికి ముక్కు ఆనించి కదల్లేదు. ఇంటికొచ్చి "మనం కూడా ఫ్యాక్టరీ పెడదాం" అన్నాడు. మా వంటింటి ఫ్యాక్టరీ అలా మొదలైంది.

రెండు బిస్కెట్ల మధ్య క్రీము పెట్టినవి ఇక్కడ చాలా రకాలున్నాయి. నేను మూడే చెప్తాను. అందులోనూ కస్టర్డ్ క్రీము గురించి ఎక్కువ చెప్తాను, ఎందుకంటే అది వస్తే మిగతావి వాటంతటవే వస్తాయి. 1908 నాటి బిస్కెట్ అది.

ఏమేం కావాలి

ప్లెయిన్ ఫ్లోర్, అంటే మన మైదా, 200 గ్రాములు.
కస్టర్డ్ పౌడర్ 50 గ్రాములు.
ఉప్పు లేని వెన్న 150 గ్రాములు, ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసింది.
ఐసింగ్ షుగర్, అంటే మెత్తటి పంచదార పొడి, 75 గ్రాములు.
పాలు ఒక టేబుల్ స్పూను, అవసరమైతే ఇంకో టీస్పూను.

లోపలి క్రీముకి: మెత్తబడిన వెన్న 60 గ్రాములు, ఐసింగ్ షుగర్ 140 గ్రాములు, కస్టర్డ్ పౌడర్ ఒక టేబుల్ స్పూను, నాలుగు చుక్కల వెనిల్లా.

ఇక్కడ రెండు మాటలు. ఇక్కడి వాళ్ళ ఇళ్ళలో సెల్ఫ్ రైజింగ్ ఫ్లోర్ అని ఇంకో పొట్లం ఉంటుంది, బేకింగ్ పౌడర్ ముందే కలిపినది. పొరపాటున అది తీయకండి. బిస్కెట్ పొంగి, మీద వేసిన గీతలన్నీ చెరిగిపోతాయి. రెండోది, దీంట్లో గుడ్డు లేదు. నేను గుడ్డు తినను కాబట్టి మానేశాననుకునేరు, అసలు కస్టర్డ్ పౌడర్ పుట్టిందే గుడ్డు లేకుండా. బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే కెమిస్టు ఉండేవాడు. ఆయన భార్యకి గుడ్డు పడదు. గుడ్లు లేకుండా కస్టర్డ్ ఎలా చిక్కబరచాలా అని 1837లో మొక్కజొన్న పిండితో ఈ పొడి తయారుచేశాడు. ఆవిడకి ఈస్టు కూడా పడదు, అందుకని 1843లో బేకింగ్ పౌడరూ కనిపెట్టాడు. భార్య తిండి కోసం రెండు సార్లు ప్రయోగశాలకెక్కిన మనిషి! ఈ కథ నా పదో తరగతి పిల్లలకి చెప్పలేకపోయానే అని ఇప్పుడు బాధ. డబ్బా మీద మూడు పిట్టల బొమ్మ ఉంటుంది, ఆయన ఇంటిపేరు అదే కదా. పసుపు రంగు జాఫ్రా గింజల నుంచి వస్తుంది.

ఆ 50 గ్రాములు రుచి కోసమే కాదు. మైదా తడిసి నలిగితే జిగురు సాగుతుంది, చపాతీకి మనకి కావలసింది అదే. బిస్కెట్‌కి అక్కర్లేదు. మొక్కజొన్న పిండికి ఆ జిగురు లేదు, కాబట్టి అది కలిసిన మేరకు బిస్కెట్ గుల్లగా విరుగుతుంది. వెన్న కూడా ఆ పనే చేస్తుంది, పిండి రేణువుల చుట్టూ పూతలా పట్టి నీటిని దగ్గరికి రానీయదు. వెన్న కరిగితే ఈ ఏర్పాటంతా పోయి అప్పడమే గతి.

సాయంత్రం పని

తూకం మనవరాలిది. దానికి ఎలక్ట్రానిక్ త్రాసంటే ప్రాణం. గిన్నె పెట్టి సున్నా నొక్కుతుంది, మైదా పోస్తుంది, మళ్ళీ సున్నా నొక్కుతుంది. ఐసింగ్ షుగర్ 76 వచ్చింది ఒకసారి. చెంచా కొసతో ఇంత తీసింది, 74 అయింది. మళ్ళీ వేసింది, 76. "ఒక్క గ్రాముకి ఏమీ కాదే" అంటే వినదు. నాలుక కొసని పెదాల మధ్య బిగబట్టి, వేళ్ళతో చిటికెలో సగం చిటికె రాల్చింది. 75 పడ్డాక త్రాసు వైపు వేలు చూపించింది కానీ మాట్లాడలేదు, ఊపిరి తగిలి అంకె మారుతుందట. ఈ పని వాళ్ళకే వదిలేయండి. ఐసింగ్ షుగర్ పొట్లం మాత్రం మీరు కత్తిరించండి. వాళ్ళు లాగితే వంటింట్లో పొగమంచు.

వెన్నని పెద్దవాళ్ళే చిన్న ముక్కలుగా కోసి మైదా, కస్టర్డ్ పౌడర్, ఐసింగ్ షుగర్ కలిపిన గిన్నెలో వేయాలి. ఇప్పుడు వేళ్ళ కొసలతో, అరచేయి తగలకుండా, రవ్వలా అయ్యేదాకా నలపాలి. పిల్లలకి దీన్ని నేను "ఉప్పు చల్లినట్టు" అని చూపిస్తాను. గిన్నె పైకెత్తి వేళ్ళ మధ్య నుంచి రాల్చాలి. మనవడికి ఒక్క నిమిషం, అంతే. వాడి చేతిని ముందు చన్నీళ్ళ కుళాయి కింద పెట్టి తుడిచి పంపుతాను. ఆ నిమిషం అయ్యాక వాడికి ఇంకో ఉద్యోగం ఉంది, అది తర్వాత చెప్తాను. ఇంట్లో ఫుడ్ ప్రాసెసర్ ఉంటే పది సార్లు అలా తిప్పి ఆపండి, నాకేం అభ్యంతరం లేదు. కాకపోతే పిల్లలకి మీట నొక్కడమే మిగులుతుంది.

రవ్వలా అయ్యాక పాలు పోసి టేబుల్ కత్తితో కలపండి, చేత్తో కాదు. ముద్ద కాదనిపిస్తుంది, పొడిపొడిగా ఉంటుంది. పాలు ఇంకా పోయాలనిపిస్తుంది. ఆగండి. గుప్పెట్లో ఇంత తీసి నొక్కితే నిలబడితే చాలు. నిలబడకపోతేనే ఆ ఇంకో టీస్పూను.

పిండి ముద్ద నోట్లో పెట్టుకోనీయకండి. గుడ్డు లేదు కదా ఏమవుతుందిలే అనుకుంటాం. పచ్చి మైదాలోనూ క్రిములుండొచ్చు. మా ఇంట్లో ఫ్యాక్టరీ రూలు: ఉద్యోగులు సరుకు తినరాదు. గోడ మీద మనవరాలే రాసి అంటించింది.

ఇక అసలు చిట్కా. చాలామంది ముద్ద చేసి ఫ్రిజ్‌లో పెట్టి, గట్టిపడ్డాక ఒత్తుతారు. రాయిలా ఉన్న ముద్దని పిల్లలు ఒత్తలేరు, దాన్ని మెత్తబరచడానికి మళ్ళీ నలపాలి, మళ్ళీ కథ మొదటికే. తిరగేసి చేయండి: ముందు ఒత్తి, తర్వాత ఫ్రిజ్‌లో పెట్టండి. ముద్దని రెండు భాగాలు చేయండి. ఒక్కో భాగాన్ని రెండు బేకింగ్ పేపర్ల మధ్య పెట్టండి. అటు ఇటు రెండు చెక్క స్కేళ్ళు పెట్టి, వాటి మీద అప్పడాల కర్ర ఆనేలా ఒత్తించండి. కర్ర స్కేళ్ళకి తగిలిందంటే పిండి ఇంక పలచబడదు, నాలుగు మిల్లీమీటర్ల దగ్గర ఆగుతుంది. ఎంత కసిగా ఒత్తినా పాడయ్యేదేమీ లేదు. పైన కాగితం ఉంది కాబట్టి చేయి తగలదు, పొడి పిండి చల్లక్కర్లేదు, కర్రకి అంటుకోదు. మావాడి ఉద్యోగం ఇదే. కుర్చీ మీద నిలబడి, కర్ర మీద పడుకున్నంత పని చేస్తాడు.

ఒక్కో రేకు ఇంచుమించు 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు రావాలి. రెంటినీ కాగితాలతో సహా ట్రే మీద పెట్టి ఫ్రిజ్‌లోకి. చేతులు కడిగించి నిద్రకి పంపండి.

పొద్దున్న పని

ఓవెన్ ముందు వేడెక్కనివ్వండి. ఫ్యాన్ ఉన్నదైతే 160 డిగ్రీలు, లేకపోతే 180, గ్యాస్ ఓవెన్‌కి మార్క్ 4.

రేకు బయటికి తీసి పై కాగితం ఒలిచేయండి. బిళ్ళ పలకలా గట్టిగా ఉంటుంది. స్కేలు పెట్టి 5 సెంటీమీటర్లు, 4 సెంటీమీటర్ల గళ్ళు గీసి పిజ్జా కోసే చక్రంతో కోయాలి. కట్టర్లతో గుండ్రంగా కోస్తే చుట్టూ తునకలు మిగులుతాయి, వాటిని మళ్ళీ కలిపి ఒత్తాలి, రెండోసారి ఒత్తిన పిండి గట్టిపడుతుంది. గళ్ళు కోస్తే తునకల్లేవు. ఒక రేకుకి ఇరవై అయిదు వస్తాయి. "ఇరవై అయిదు బేసి కదా, ఒకటి మిగిలిపోతుంది" అని మనవరాలు కంగారుపడింది. రెండో రేకు ఉందిగా, మొత్తం యాభై. ఇరవై అయిదు జోడీలు.

ఇప్పుడు ముగ్గు. నిజమైన కస్టర్డ్ క్రీము మీద సుడులు తిరిగిన ఆకుల నగిషీ ఉంటుంది. విక్టోరియా రాణి కాలంలో ఇక్కడి వాళ్ళకి ఫెర్న్ మొక్కల పిచ్చి పట్టింది, కుండీల్లోనూ కుర్చీల మీదా పింగాణీ మీదా అవే ఆకులు. ఆ సొగసే బిస్కెట్ దాకా వచ్చింది. దానికి అచ్చులు అమ్ముతారు. మేము కొనలేదు. ఫోర్కు అంచు అటు నాలుగు, ఇటు నాలుగు ఏటవాలుగా నొక్కితే ఆకులా కనబడుతుంది, మధ్యలో ఈనె టూత్‌పిక్‌తో. మనవరాలు నేర్చుకున్న చుక్కల ముగ్గు ఒకటి వేసింది, బాగా వచ్చింది. మనవడు శుభ్రంగా కడిగిన లెగో ఇటుక బోర్లించి నొక్కాడు. ఎనిమిది బొడిపెల గుర్తులు. నాకు వాడిదే నచ్చింది, దానికి చెప్పలేదు. పిండి చల్లగా ఉన్నప్పుడే నొక్కాలి, మెత్తబడితే ఫోర్కుకి ముక్క లేచివస్తుంది.

నొక్కడాలూ మురిపాలూ అయ్యేసరికి పావుగంట పట్టి పిండి మళ్ళీ వెచ్చబడుతుంది. ట్రేలో సర్దాక పది పదిహేను నిమిషాలు మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టండి. బద్ధకించకండి. ఫ్రిజ్‌లో ట్రే పట్టకపోతే, చలికాలమైతే, పెరటి గుమ్మం బయట పెట్టినా సరే. మూత మాత్రం వేయండి, ఇక్కడి ఉడతలు గడుసువి.

పన్నెండు నుంచి పధ్నాలుగు నిమిషాలు. మా అమ్మాయి ఓవెన్ వెనకవైపు ఎక్కువ మంట, ఎనిమిదో నిమిషంలో ట్రే తిప్పుతాను. ఓవెన్ తలుపు తీయడం, ట్రే పట్టుకోవడం పెద్దవాళ్ళ పని, ఇందులో బేరం లేదు. వంటింటి నేల మీద రంగు టేపుతో గీత అంటించాం, తలుపు తీసినప్పుడు పిల్లలు గీత అవతల నిలబడాలి. అద్దంలోంచి లోపలికి చూస్తూ కాపలా కాయడం వాళ్ళ పని.

ఎర్రగా రావాలని చూడకండి. కస్టర్డ్ క్రీము మీగడ రంగులోనే ఉండాలి, అంచు అడుగున మాత్రం లేత బంగారు ఛాయ. బయటికి తీసినప్పుడు మెత్తగా ఉంటుంది, కాలలేదేమో అనిపిస్తుంది, మళ్ళీ లోపల పెట్టబుద్ధవుతుంది. పెట్టకండి. వేడి మీద వెన్న ఇంకా ద్రవంగా ఉంటుంది, చల్లారితే బిగుస్తుంది. ట్రే మీదే అయిదు నిమిషాలు కదపకుండా ఉంచి, అప్పుడు జాలీ మీదకి మార్చండి.

పెళ్ళిళ్ళు

పూర్తిగా చల్లారేదాకా, అంటే కనీసం గంట, ఎవరూ ముట్టుకోకూడదు. రెండోసారి చేసినప్పుడు మేము గోరువెచ్చగా ఉండగానే క్రీము పెట్టేశాం. పై బిస్కెట్లు ఒక్కొక్కటే మెల్లగా పక్కకి జారి ప్లేట్లోకి దిగాయి. మంచు మీద జారుడుబండ ఆటలా ఉందని పిల్లలు చప్పట్లు కొట్టారు. మనం మటుకు జాలీ కింద చేయి పెట్టి చూడాలి, వెచ్చదనం తెలిస్తే ఇంకా కాలేదు.

ఆ గంటలో క్రీము చేసుకోవచ్చు. ఇక్కడ చాలామంది కస్టర్డ్ పౌడర్‌ని అలాగే వెన్నలో కలిపేస్తారు. నా నాలుకకి పచ్చివాసన వేస్తుంది. ఒక టేబుల్ స్పూను పొడిని పొడి బాణలిలో, చిన్న మంట మీద, బొంబాయి రవ్వ వేయించినట్టు మూడు నిమిషాలు వేయిస్తాను. రంగు మారక్కర్లేదు, కమ్మని వాసన వస్తే చాలు. పూర్తిగా చల్లార్చి, జల్లించి, మెత్తని వెన్నలో ఐసింగ్ షుగర్‌తో పాటు కలపండి. వెనిల్లా వేయండి. మిక్సర్ బీటర్‌తో కలిపేటప్పుడు గిన్నె మీద తడి తువ్వాలు కప్పితే చక్కెర పొగ లేవదు. చపాతీ ముద్ద కన్నా కాస్త మెత్తగా, చేతికి అంటీ అంటకుండా రావాలి. అంటుకుంటుంటే ఇంకో చెంచా ఐసింగ్ షుగర్.

ముందు జతలు కలపాలి. ఎంత స్కేలు పెట్టి కోసినా అన్నీ ఒకేలా రావు. ఒకటి పొడుగు, ఒకటి మూల వంకర. అన్నీ బల్ల మీద పరిపించి, "పెళ్ళిచూపులు" అంటాను. దేనికి ఏది సరిపోతుందో పిల్లలు వెతకాలి. "అమ్మమ్మా, ఈ అబ్బాయి కంటే ఈ అమ్మాయి లావు" అని మనవడు తిరగ్గొడుతుంటాడు. అరగంట చప్పుడు లేకుండా కూర్చునే పని ఇదొక్కటే. కింద ఉండాల్సినవి బోర్లా, అంటే ముగ్గు కిందకి పెట్టి వరుసగా సర్దండి.

ఇప్పుడు వాడి వేడి చేతులు. పిండికి పనికిరాని చేతులే క్రీముకి సరిగ్గా కావలసినవి. క్రీము చల్లగా గట్టిగా ఉంటే బిస్కెట్ మీద కత్తితో పూయబోతే బిస్కెట్ విరుగుతుంది, సంచిలో వేసి పిండితే పిల్లలకి చేతనవదు. అదే రేగుపండంత క్రీము తీసి వాడి అరచేతిలో పెడితే, రెండు తిప్పుల్లో నున్నటి ఉండవుతుంది, పైన మెత్తగా లోపల గట్టిగా. దాన్ని బిస్కెట్ మధ్యలో పెట్టి, జోడీ బిస్కెట్ మీద పెట్టి, అరచేయి చాచి నిలువుగా నొక్కాలి. అంచు మీద నొక్కితే విరుగుతుంది, మధ్యలోనే నొక్కాలి. క్రీము నాలుగు వైపులా తొంగిచూడగానే ఆపేయాలి. "కనబడుతోంది, కనబడుతోంది, స్టాప్!" అని మనవరాలు అరుస్తుంది, వాడు చేయి ఎత్తేస్తాడు. నాది ఇంతకంటే మెరుగ్గా రాదు. నా చేతులు చల్లన, ఉండ పగుళ్ళు బారుతుంది.

తర్వాత అరగంట కదపకుండా ఉంచితే క్రీము బిగుస్తుంది.

జామ్ పెట్టినవి

ఇక్కడి పిల్లలకి జామీ డాడ్జర్ అంటే తెలియనివాళ్ళుండరు. పై బిస్కెట్‌కి హృదయం ఆకారంలో కంత, అందులోంచి ఎర్రటి జామ్. పైన చెప్పిన పిండే, కస్టర్డ్ పౌడర్ తీసేసి మైదా 250 గ్రాములు వేసుకోండి, కాస్త వెనిల్లా వేయండి. గుండ్రని కట్టర్ కావాలి, అయిదారు సెంటీమీటర్లది. తునకలు ఇక్కడ తప్పవు.

కంతలు సగానికే. చెప్పక్కర్లేదనుకుని నేను చెప్పలేదు. ఫోన్ మాట్లాడి వచ్చేసరికి ట్రేలో ఉన్న ముప్ఫైకీ ముప్ఫై హృదయాలు కత్తిరించి ఉన్నాయి. జామ్ పెడితే కింద నుంచి కారుతుంది. అవన్నీ ఉత్తినే తిన్నాం. ఇప్పుడు కంత ఉన్నవీ లేనివీ వేరు వేరు ట్రేల్లో పెట్టి, కంతల ట్రే దగ్గర మాత్రమే చిన్న కట్టర్ ఉంచుతాను. ఎలాగూ వేరే ట్రేలు మంచిదే, కంతలున్నవి రెండు నిమిషాల ముందే కాలతాయి.

సీసా జామ్ అలాగే పెడితే నీరు కారి బిస్కెట్ నానిపోతుంది. గింజల్లేని రాస్ప్‌బెర్రీ జామ్ వంద గ్రాములు చిన్న గిన్నెలో నాలుగైదు నిమిషాలు ఉడికించండి. ఫ్రిజ్‌లో పెట్టిన సాసరు మీద ఒక చుక్క వేసి వేలితో తోయాలి, ముడత పడితే అయినట్టు. మనం పాకం చూసినట్టే. కాగిన జామ్ ఒంటి మీద పడితే అంటుకుపోయి కాలుస్తుంది, కాబట్టి పిల్లలు గీత అవతలే. గోరువెచ్చగా అయ్యాక ఒక్కొక్క దానికి అర టీస్పూను వాళ్ళ చేత వేయించండి. ఇవి ఆ రోజు తినేటన్నే జోడించండి, మర్నాటికి మెత్తబడతాయి.

బర్బన్

మైదా 200 గ్రాములు, కోకో 40, వెన్న 125, పంచదార 75, గోల్డెన్ సిరప్ (తేనెలా ఉండే పంచదార పాకం) ఒక టేబుల్ స్పూను, వంటసోడా పావు టీస్పూను, పాలు ఒక టేబుల్ స్పూను. పంచదార సన్నరకం, ఇక్కడ క్యాస్టర్ షుగర్ అంటారు. సిరప్ కొలిచే చెంచాని ముందు వేడినీళ్ళలో ముంచితే సిరప్ అంటుకోకుండా జారుతుంది. ఆ సిరప్ ఆకుపచ్చ డబ్బా మీద సింహం, చుట్టూ తేనెటీగలు. నిద్రపోతోందనుకుంటాడు మావాడు. అది చచ్చిన సింహం, బైబిల్లో సంసోను కథలోది, ఇంకా వాడికి చెప్పలేదు.

పద్ధతి అంతా పైదే. 6 సెంటీమీటర్లు, 3 సెంటీమీటర్ల పొడుగు ముక్కలు కోసి, టూత్‌పిక్‌తో అయిదేసి చొప్పున రెండు వరుసల చిల్లులు, మీద కాస్త పంచదార చల్లి కాల్చండి. చిల్లులు అందానికి కాదు, లోపలి ఆవిరి పోవడానికి, లేకపోతే బిస్కెట్ బుడగలా లేచి పగులుతుంది. దీని కష్టమల్లా రంగు తెలియకపోవడమే. మొదటే గోధుమరంగు, మాడిందీ కనబడదు. గడియారాన్ని నమ్మండి, పన్నెండు నిమిషాలకి అంచు వేలికి గట్టిగా తగిలితే తీసేయండి. క్రీముకి వెన్న 60, ఐసింగ్ షుగర్ 120, కోకో 15 గ్రాములు, ఒక టీస్పూను పాలు.

1910లో లండన్ బెర్మండ్‌సీలోని పీక్ ఫ్రీన్స్ కంపెనీ దీన్ని మొదట క్రియోలా అనే పేరుతో అమ్మింది. ఫ్రాన్సు రాజవంశం పేరు తర్వాత తగిలించారు. మా అల్లుడికి దీని మీద వేరే అభిమానం. ఇక్కడి పన్ను రూలు ప్రకారం బిస్కెట్ మీద చాక్లెట్ పూస్తే ఇరవై శాతం వ్యాట్, అదే చాక్లెట్ రెండు బిస్కెట్ల మధ్యలో ఉంటే సున్నా. బర్బన్‌కి సున్నా. ఇది చెప్పేటప్పుడు ఆయన మొహం చూడాలి, మనవరాలు త్రాసు మీద 75 చూసినప్పుడు ఎలా ఉంటుందో అచ్చం అలాగే.

దాచుకోవడం

క్రీము పెట్టనివి గాలి చొరబడని రేకు డబ్బాలో వారం ఉంటాయి. పెట్టినవి మూడు నాలుగు రోజులు, ఆపైన లోపలి తేమకి గుల్లదనం పోతుంది. కస్టర్డ్ క్రీములూ బర్బన్లూ ఒకే డబ్బాలో పెట్టకండి, రెండూ ఒకే వాసన వస్తాయి. ఒత్తిన రేకులని కాగితంతో సహా ఫ్రీజర్‌లో నెల ఉంచొచ్చు, వాన పడే శనివారాలకి. ఇక్కడ వాటికి కొదవలేదు.

స్కూలుకి పంపేముందు ఏవి అనుమతిస్తారో కనుక్కోండి. మేము ఒక డబ్బా పట్టుకెళ్ళి, పిల్లల ఎలర్జీల కోసం లోపల ఏముందో చీటీ రాయలేదని తిరిగి తెచ్చుకున్నాం. నాకు కోపం వచ్చింది కానీ వాళ్ళడిగింది సబబే. ఇప్పుడు మూత మీదే రాస్తాం: గోధుమ, పాలు. గుడ్డు లేదు.

జోడీ దొరకనిది ప్రతి వాయిలోనూ ఒకటో రెండో ఉంటాయి, ఓవెన్ తలుపు దగ్గర విరిగినవి, లెక్క తప్పినవి. ఫ్యాక్టరీ రూలు ప్రకారం అవి మేనేజరువి. మేనేజరు ఎవరనేది మేమింకా తేల్చుకోలేదు. పోయిన శనివారం రెండు మిగిలాయి, పక్కపక్కన పెడితే అంచులు సరిగ్గా కలిశాయి. "అమ్మమ్మా, వీటికీ పెళ్ళి చేసేద్దాం" అని మనవడు గిన్నె అడుగున మిగిలిన క్రీము గీకి అరచేతిలో పెట్టుకున్నాడు.